ఆసామి ఒప్పుకోలేదు

మొన్న మా పాప కాటుక భరిణెలో వేలు పెట్టి, దిద్దడానికి బడి నుంచి నేను తెచ్చుకున్న వ్యాసాల కట్ట మీద అద్దింది. రెండున్నరేళ్ల పిల్ల. వీపు మీద ఒకటి వేద్దామని చెయ్యెత్తి, ఆ కాగితం చూసి ఆగిపోయాను. 'పుస్తక పఠనము వలన లాభములు' అనే వ్యాసం అయిపోయిన చోట, సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడ, నల్లగా ఒక బొటనవేలి ముద్ర పడి ఉంది. కాగితం దగ్గరికి తీసుకుంటే మసి, ఆముదం కలిసిన వాసన. నేను థర్డ్ ఫారం చదివేటప్పుడు మా తరగతిలో ప్రతి వ్యాసం కిందా ఆ వాసనే ఉండేది.

మా తెలుగు సారు పోయారని అంతకు నెల ముందే తెలిసింది. మడకశిర బస్సు దిగిన మా ఊరాయన అనంతపురం బజారులో కనబడి చెప్పాడు. ఆ రోజు పాపకు జ్వరం, నేను మందుకోసం పోతున్నాను. "అయ్యో, అట్లనా" అని నడిచి వచ్చేశాను. ఇంటికి వచ్చాక కూడా ఏడుపు రాలేదు. ముద్ర చూసినప్పుడు వచ్చింది.

సారు దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు కలిసి ఆయన జ్ఞాపకంగా చిన్న సంచిక వేస్తున్నారు. నన్నూ నాలుగు పేజీలు రాయమన్నారు. "ఆయనకు నువ్వంటే ఎంత అభిమానమో మాకు తెలీదా" అన్నారు. వాళ్లకు తెలియదు. అది అభిమానం కాదు. అదేమిటో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి. అందుకే ఇన్నాళ్లూ కాగితం ముందు పెట్టుకుని ఊరకే కూర్చున్నాను. ఇప్పుడు పాప నిద్రపోయాక రాస్తున్నాను. మధ్యమధ్య లేచి దాని నుదురు ముట్టుకుని వస్తున్నాను. జ్వరం తగ్గి చాలా రోజులైంది, అయినా చేయి ఊరుకోదు.

సారు పేరు రాయను. ఆయన పెట్టిన నియమం ప్రకారం ఆ హక్కు నాకు లేదు.

మనిషి పొడుగు. మెడ ఇంకా పొడుగు. తలుపు దగ్గర ముందు మెడ కనబడి, మేమంతా లేచి నిలబడ్డాక తక్కిన మనిషి వచ్చేవారు. తెల్లజుబ్బా, దాని ఎడమ జేబు మాత్రం ఎప్పుడూ నలుపు. ఆ జేబులో దగ్గుబిళ్లల రేకు డబ్బీ ఉండేది. డబ్బీలో మడత పెట్టిన గుడ్డ, గుడ్డలో దీపపు మసి, ఆముదం. ఆ మసి ఆయన భార్య పట్టి ఇచ్చేది. జేబు ఉతకలేక ఆవిడ పడే అవస్థ మా అందరికీ తెలుసు, ఎందుకంటే సారే చెప్పేవారు. "మా ఇంటామె ఏమంటాండాదో తెలుసా? 'పెండ్లప్పుడు తెల్లచొక్కాయి మనిషిని చూపించినారు, నల్లజేబు మనిషిని ఇచ్చినారు' అంటాది."

ఆయన సొంత ఊరు కొత్తచెరువు పక్క. తండ్రి పరుపులు, బొంతలు కుట్టేవాడట. ముస్లిములు తెలుగు చెప్పడమేమిటని మా ఊళ్లో మొదట్లో కొందరు మూతి తిప్పారు. ఒక పెద్దమనిషి బడి ముందరే అడిగాడు.

"ఏమప్పా సాయిబూ, నీకు తెలుగు యాడ నుంచి వచ్చింది?"

"ఆకలైనప్పుడు వచ్చిందన్నా. పుట్టినప్పటి నుంచి తెలుగులోనే ఏడుస్తాండా" అన్నారు సారు. ఆ పెద్దమనిషే తరువాత తన మనవణ్ణి తెచ్చి ఆయన తరగతిలో కూర్చోబెట్టాడు.

నియమం ఏమిటంటే, మేము ఎవరిని గురించి రాస్తే వాళ్లకు ఆ వ్యాసం చదివి వినిపించాలి. వాళ్లు విని, ఒప్పుకుని, కింద బొటనవేలి ముద్ర వేయాలి. ఆ తరువాతే సారు దాన్ని చేతిలోకి తీసుకునేవారు. సంతకం చేయడం వచ్చినవాళ్లయినా ముద్రే వేయాలి. సంతకం వచ్చిన మనిషి చదవకుండా కూడా చేసేస్తాడని, ముద్ర వేసే మనిషి మాత్రం 'ఏం రాసినావో చెప్పు' అని అడక్కుండా వేయడని ఆయన లెక్క. అలా విని ముద్ర వేసేవాళ్లకు ఆయన పెట్టిన పేరు ఒకటి ఉండేది: ఆసామి. మేము రాసేవాళ్లం, ఎవరి గురించి రాస్తే వాళ్లు ఆసామి.

"ఆసామి ముఖం ముందర చదవలేనిది రాస్తే అది చాడీ" అనేవారు. "చాడీ చెప్పడానికి చదువెందుకప్పా? అరుగు చాలు."

ఉన్నది ఒక్క డబ్బీ. దాన్ని వంతుల ప్రకారం ఇంటికి పట్టుకుపోయేవాళ్లం. పలకల మీద, లంగాల మీద, చెల్లెళ్ల బుగ్గల మీద మసి. ఎవరి వంతో ముఖం చూస్తే తెలిసిపోయేది. ఒక తుంటరి ఈ పీడంతా ఎందుకని తమ బర్రెను గురించి రాశాడు. సారు ఆ వ్యాసం ముట్టుకోలేదు. "చదివి వినిపించినావా? ముద్ర యాడ?" అన్నారు. మరునాడు వాడు పేడ, మట్టి అంటుకున్న కాగితం తెచ్చాడు. సారు దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, "ఒప్పుకున్నట్టే ఉండాది" అని మార్కులు వేశారు.

మా పక్క వేలిముద్ర అంటే భయం. వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. ఒకసారి గొర్రెలు మేపుకునే ఆయన ఒకడు, మా తరగతిలో చదివే పిల్లవాడి తండ్రి, భుజాన కంబళితో నేరుగా గదిలోకి వచ్చేశాడు.

"యాడుండాడు సామీ, ఆ ముద్రలు ఏపిచ్చుకునే సారు?"

"నేనేనన్నా. రా, కూర్చో."

"కూసోను. మా నాయన ఒకసారి కూసోనే ముద్ర ఏసినాడు. లేసేతలికి చేను పోయింది. నా ముద్ర నాకిచ్చేయ్."

"నీకు చదివి వినిపించలేదా మీవాడు?"

"యాడ వినిపిచ్చినాడు? నిద్రలో ఉంటే 'ఏయ్ నాయనా' అన్న్యాడు, ఏసినా. తెల్లారినాక భయమాయె."

సారు ఆ పిల్లవాణ్ణి లేపి, అక్కడే చదవమన్నారు. వాడు చదివాడు. తన తండ్రి రాత్రిపూట గొర్రెలను లెక్కపెట్టడని, ఒక గొర్రె తప్పిపోతే వాసన పట్టి చెప్పేస్తాడని రాశాడు. గొర్రెలాయన వింటూ వింటూనే కోపం మరిచిపోయాడు.

"వాసనేందిరా? ఎవురు చెప్పినారు నీకు? పిల్ల తప్పిపోతే తల్లి అరుపు మారుతాది. అది వినేది. ఇన్నేండ్లు నా పక్కన పండుకుంటాండావు, అది గూడా తెలీదా?"

సారు మెడ వంచి, ఎర్రసిరాతో ఆ వ్యాసం కింద రాశారు: 'ఆసామి ఒప్పుకోలేదు.' మళ్లీ రాసుకు రమ్మని కాగితం వెనక్కి ఇచ్చేశారు. గొర్రెలాయన వాకిలి దాకా పోయి తిరిగాడు. "వాసన గూడా కొంచెం ఉంటాదిలే సారూ. అది తీసేయొద్దని చెప్పు మావాడికి."

ఆ ఏడు వాన రెండోసారి తప్పింది. చేన్లలో వేరుశనగ మొలకెత్తి మాడింది. బడికి కాస్త అవతలే గంజి పోసేవాళ్లు, మధ్యాహ్నం గంట కొట్టగానే మా తరగతిలో సగం మంది సత్తు గిన్నెలు పట్టుకుని అటు పరుగెత్తేవాళ్లు. నేను ఇంటికి పోయి అన్నం తినేదాన్ని. మాది అంగడి. జొన్నలు, కొర్రలు, రాగులు, ఉప్పు, మిరపకాయలు. పస్తులు లేని కొద్ది ఇళ్లలో మాదొకటి.

అప్పుడే సారు 'మా ఇంట్లో చేతులు' అని రాసుకు రమ్మన్నారు.

"ముఖానికి వేషం వేయడం వచ్చు. చేతికి రాదు" అన్నారు. "ఈ వారం ముఖాలు చూడొద్దండి. చేతులు చూసి రాయండి."

మా నాయన చేతులంటే నాకు చాలా ఇష్టం. పొట్లం కట్టి దారం తెంపేటప్పుడు ఆ చేయి చిన్న మెలిక తిప్పుతుంది, దారం దానంతటదే తెగుతుంది. కొర్రలు బాగున్నాయో లేదో చెవి దగ్గర గలగలలాడించి చెప్తుంది. అవన్నీ రాశాను. ఎప్పుడూ రాయనంత బాగా రాశానని అనిపించింది. సాయంత్రం అంగడి పలకలు వేసేశాక, నాయన లోపలికి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. అమ్మ సజ్జలు చెరుగుతోంది. డబ్బీ పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

నాయన నవ్వుతూ విన్నాడు. దారం సంగతి వచ్చినప్పుడు తన చేయి తనే తిప్పి చూసుకున్నాడు. ఆ తరువాత ఈ ముక్క ఉంది: 'మా నాయన జొన్నలు కొలిచేటప్పుడు బొటనవేలు శేరు లోపల పెట్టుకుంటాడు. ఆ వేలి చుట్టూ జొన్నలు కూర్చుంటాయి. శేరు వంచే ముందు వేలు కదిలితే అక్కడ చిన్న గుంత కనబడుతుంది. కోడిపెట్ట కూర్చుని లేచిపోయిన చోటు అట్లే ఉంటుంది.'

అమ్మ చేతిలో చేట ఆగింది.

"ఇది ఎవురికన్నా చదివినావా?" అన్నాడు నాయన.

"లేదు నాయనా. ముందు నీకే."

"మళ్లా చదువు, ఆ ముక్క."

బాగా నచ్చిందేమో అనుకున్నాను. ఈసారి ఇంకా గట్టిగా, సారు మాకు నేర్పినట్టు ఆగవలసిన చోట ఆగి, కోడిపెట్ట దగ్గర గొంతు మెత్తగా చేసి చదివాను. చదివి డబ్బీ మూత తీసి ముందుకు జరిపాను.

నాయన డబ్బీ వైపు చూడలేదు. "బాగుండాది" అని లేచి పెరట్లోకి పోయాడు.

అమ్మ చేట కింద పెట్టింది. "రేపటి నుంచి బడి లేదు నీకు. బాగానే నేర్పిస్తాండాడు మీ సారు. ఇంట్లో దొంగలుంటే పట్టియ్యండని పిల్లలను పంపిస్తాండాడు."

దొంగలు అన్న మాట విన్నాకే నాకు ఆ వేలు అర్థమైంది. అప్పటిదాకా అది వేలే. జొన్నలకు వచ్చే ఆడవాళ్లు కొంగు పట్టుకుని నిలబడడం, శేరు వంచగానే కొంగు బరువు చూసుకుని, ఏమీ అనక పోవడం నేను రోజూ చూసేదాన్ని. తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల తల్లి కూడా అలాగే వచ్చి పోయేది. కనబడినదంతా చూశాను, ఆ గుంత ఎవరి గిన్నెలోంచి వచ్చిందో మాత్రం చూడలేదు.

బడి మానిపించారు. నేను ఏడిస్తే అమ్మ, "ఏడ్చి ఊరంతా చెప్పు" అంది. నాయన నాతో మాట్లాడలేదు. నా చదువు అంతటితో ముగిసిందనే అనుకున్నాను. మా వీధిలో ఆడపిల్ల అంతకంటే చదివిందీ లేదు.

నాలుగైదు రోజులకు సారు అంగడికి వచ్చారు. ఆయన జొన్నలు కొనేది మా దగ్గరే. అంగడికీ ఇంటికీ మధ్య గోనెపట్టా తెర ఉండేది. నేను దాని వెనక ఉన్నాను.

"అమ్మాయికి ఒళ్లు బాగలేదా శెట్టీ?"

"బాగానే ఉండాది. బడికి రాదు."

"ఎందుకని?"

"ఎందుకో నీకు తెలీదా సారూ? నా మీద ఏమన్నా ఉంటే నా ముఖం మీద అడగాల. మగోనివి కదా. నా బిడ్డ చేత రాయిస్తావా?"

"ఏం రాసింది? నేనింకా చూడలేదు కదా. ముద్ర లేంది నేను చూడను."

నాయన నమ్మలేదు. చేతులని రాయమన్నది తన చేయి కోసమేనని ఆయన గట్టిగా అనుకున్నాడు. "ఏం రాసిందంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. జొన్నల మూటలో శేరు ముంచి, ఎప్పటిలాగే వేలు లోపల పెట్టి పైకెత్తి, అరచేత్తో చదును చేసి, సారు ముఖం ముందర పట్టుకున్నాడు. వేలు కదిలించాడు. గుంత పడింది.

"ఇది" అన్నాడు.

సారు ఆ శేరులోకి చూశారు. ఆయన మెడ అంత కిందికి వంగడం నేను ఎప్పుడూ చూడలేదు. ఏదో ఒకటి గట్టిగా అంటారని, నాయనను తిడతారని భయపడ్డాను. తిడితే బాగుండునని కూడా ఒక పక్క అనిపించింది. ఆయన ఉప్పుమూట మీద కూర్చున్నారు.

"ఈ గుంత చూడలేదంటే అబద్ధమైతాది శెట్టీ" అన్నారు. "ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ నీ దగ్గరే కొంటాండా. వచ్చిన నెలలోనే చూసినా. మా ఇంటామె గూడా గింజలు తక్కువొచ్చినాయని చెప్పింది. నువ్వు మంచిగా పలకరిస్తాండావు, సాయిబని పక్కన నిలబెట్టకుండా లోపలికి పిలిచి కూర్చోబెట్టినావు. ఎట్ల అడిగేదని ఊరుకున్నా."

నాయన శేరు కిందికి దించలేదు.

"చూసి నోరు మూసుకున్నది నేను. చూసి రాయండని చెప్పింది పిల్లలకు. నోరు లేనోడు నేర్పిన చదువు చూడు, యాడికొచ్చిందో." జేబులోంచి డబ్బీ తీశారు, చేతిలో తిప్పి మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు. డబ్బీ ఆయనకు అమ్మ పంపించేసినట్టుంది. "ఆ కాగితం నాకొద్దు. నువ్వే ఏమన్నా చేసుకో. పిల్లను మాత్రం పంపించు. ఇంక ఇంటి మీద రాయమని చెప్పను. మాట ఇస్తాండా."

ఆ రోజు జొన్నలు తీసుకోకుండానే వెళ్లిపోయారు. నాయన శేరు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మరునాడు నన్ను బడికి పంపారు. ఆ కాగితం ఏమైందో నేను అడగలేదు.

సారు మాట నిలబెట్టుకున్నారు. డబ్బీ మళ్లీ తరగతిలోకి రాలేదు. ముద్రల పీడ వదిలిందని మావాళ్లు ఎగిరి గంతేశారు. కారణం నాకొక్కదానికే తెలుసు. తరువాత మేము రాసినవి: చంద్రోదయము, గ్రంథాలయము, కాలము విలువ, పుస్తక పఠనము వలన లాభములు. వాటికి ఆసామి లేడు. మా ఊళ్లో ఏరు లేదు, అయినా 'నదులు గలగల పారుచుండును' అని రాశాను. సారు తప్పులు దిద్దారు, మంచి మార్కులు వేశారు. వార్షికోత్సవంలో 'గ్రంథాలయము' వ్యాసానికి నాకు బహుమతి వచ్చింది. పుస్తకం చేతికి ఇచ్చేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు, పుస్తకం అట్ట వైపు చూశారు. అందరూ నేనే ఆయనకు ఇష్టమైన శిష్యురాలిని అనుకున్నారు. పరీక్షలకు చదువుకోమని తన పుస్తకాలు ఇచ్చేవారు, కాలేజీలో చేర్చమని మా నాయనకు చెప్పించారు. అదంతా చేశారు. నన్ను చూసి నవ్వడం మాత్రం మానేశారు. నన్ను చూస్తే ఆయనకు ఆ శేరు గుర్తొచ్చేదేమో. నాకూ అంతే.

మా నాయన సంగతి ఇంకోలా జరిగింది. నేను అంగడిలోకి వస్తే ఆయన బొటనవేలు శేరు బయట ఉండేది. మరీ బయటికి, ఎవరో పట్టుకుని వెనక్కి లాగినట్టు నిక్కి ఉండేది. అది చూడలేక నేను అంగడిలోకి పోవడమే మానేశాను. ఉప్పు కావాలన్నా తెర వెనక నుంచే అడిగేదాన్ని. నేను లేనప్పుడు ఆ వేలు మళ్లీ లోపలికి పోయేదని నాకు తెలుసు. ఆ జొన్నల మీదే నేను కాలేజీ చదివాను.

సారును ఆఖరుసారి చూసింది మడకశిర బస్టాండులో. అప్పటికి నాకు బాలింతతనం ఇంకా తీరలేదు, మూడో నెల పాపను ఎత్తుకుని పుట్టింటి నుంచి తిరిగి వస్తున్నాను. బస్సు కోసం నిలబడితే ముందు మెడ కనబడింది. తలంతా తెల్లబడింది. జేబు కూడా తెల్లగా ఉంది. పాప పిడికిలి విప్పి బొటనవేలు చూశారు.

"ఏం చేస్తాండావమ్మా?"

"బళ్లో తెలుగు చెప్తున్నాను సార్."

"మంచిది. పిల్లలతో ఏం రాయిస్తావు?"

చెప్పాను. చంద్రోదయము. గ్రంథాలయము. పుస్తక పఠనము.

ఆయన తలూపారు. "మంచివే. ఎవురికీ తగలవు" అన్నారు. తరువాత "నీకు నేర్పించింది నేనే కదా" అన్నారు. ఎత్తిపొడుపు లేదు. తప్పు చేసి నిలబడిన పిల్లవాడు చెప్పినట్టు చెప్పారు. నేను ఏదో అనాలి. 'అట్లా కాదు సార్' అనైనా అనాలి. బస్సు వచ్చిందని ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఆయన బొటనవేలిని జుబ్బాకు రుద్దుకుంటున్నారు. దానికి మసేమీ లేదు, అలవాటు.

ఇప్పుడు నా ముందున్న కట్టలో నలభై మంది ఆడపిల్లలు పుస్తక పఠనము వలన లాభములు రాశారు. కాగితాలు తారుమారు చేసినా ఎవరిది ఏదో తెలియదు. అందులో ఎవరి నాయనా లేడు, ఎవరి అమ్మా లేదు. నాకు భయం లేదు, ఎవరూ వచ్చి అడగరు. ఇన్నేళ్లుగా నేను నేర్పిస్తున్నది ఈ భయం లేకపోవడమే. ఉయ్యాలలో ఉన్న పాప కూడా రేపు బడికి పోతుంది. ఇప్పటికే నేను ఏం చేస్తే అది చూస్తూ కూర్చుంటుంది. నా చేతుల్లో దానికి ఏం కనబడుతోందో నాకు తెలియదు. దానికి ఎలాంటి సారు దొరకాలని కోరుకోవాలో కూడా తెలియడం లేదు.

ఇంతవరకూ రాసి, ఆదివారం ఇది పట్టుకుని మా ఊరు వెళ్లాను. సారు లేరు, ఆయన ముద్ర రాదు. అయితే ఇందులో ఇంకొక ఆసామి ఉన్నాడు.

అంగడిలో ఇప్పుడు శేరు లేదు. కిలోలు వచ్చాక తూకమే. పాత శేరు పెరట్లో కోళ్లకు నీళ్లు పెట్టడానికి వాడుతున్నారు. పాప దాన్ని పట్టుకుని ఆడుకుంటోంది. నాయన మంచం మీద కూర్చున్నాడు, చూపు బాగా తగ్గింది. అమ్మ వాకిట్లో ఉంది.

"సారును గురించి రాసినా నాయనా. నీ సంగతి గూడా ఉండాది. చదువుతా, విను."

"చదువు."

మొదటి నుంచీ చదివాను. బర్రె దగ్గర నవ్వాడు. గొర్రెలాయన దగ్గర, "వాడు పోయి చానా దినాలాయె" అన్నాడు. శేరు దగ్గర తల ఎత్తకుండా చదివేశాను. మళ్లీ చదవమంటాడేమోనని ఆగాను. అనలేదు. బస్టాండు దాకా చదివి కాగితాలు మడిచాను.

"సారు సంగతి బాగుండాది" అన్నాడు నాయన. "ఆ మెడ సంగతి అచ్చం అట్లే."

"ముద్ర వేస్తావా?"

ఆయన పాప వైపు తిరిగాడు. అది శేరులో మొత్తం చెయ్యి పెట్టి తీస్తోంది.

"నువ్వు లేనప్పుడు వేలు లోపలికే పోతాండె అని రాసినావే. చూసినావా?"

"లేదు నాయనా."

"ఎవురన్నా చెప్పినారా?"

"లేదు."

"మల్ల?"

పోయేది కాదు అని ఆయన ఒక్క మాట అంటే నమ్మేద్దామని చూశాను. ఆయన అది కూడా అనలేదు. నేను తెర వెనకే ఉన్న ఏళ్లన్నీ ఆయన అంగడిలో ఒక్కడే ఉన్నాడు. ఆ వేలు ఎక్కడుండేదో ఆయనకు తెలుసు, కొంగు పట్టిన ఆడవాళ్లకు తెలుసు. నేను పోయి చూడలేదు.

"ఏసేయ్ రాదా ముద్ర?" అంది అమ్మ వాకిట్లో నుంచి. "బిడ్డ అంత దూరం నుంచి వచ్చింది."

"చూడంది రాసింది. మార్చుకోని రానీ, ఏస్తా" అన్నాడు నాయన. కోపంగా అనలేదు. సరుకు బాగలేదని వెనక్కి ఇచ్చే మనిషిలా అన్నాడు.

ఆ వాక్యం మార్చాలని రెండు రోజులుగా చూస్తున్నాను. 'పోయేది' అని రాయడానికి నేను చూడలేదు. 'పోయేది కాదు' అని రాయడానికీ చూడలేదు. కొట్టేస్తే, ఇన్నేళ్లూ నాయనను అలా అనుకుంటూ ఆయన పెట్టిన అన్నం తిన్న సంగతి కూడా కొట్టేసినట్టవుతుంది. సంచికవాళ్లు రేపటికల్లా కావాలన్నారు. అందుకని ఆ వాక్యం ఉన్నచోటే ఉంచి పంపిస్తున్నాను. పిల్లల తప్పులు దిద్దే ఎర్రసిరాతో, చివరి పేజీలో ముద్ర పడవలసిన చోట, సారు రాసే ఆ రెండు మాటలూ నేనే రాశాను.